చూచుట యొకటి, పట్టుకొనుట యొకటి

ధ్యాన భాగములు: మత్తయి 6:25–34; లూకా 10:25–37

ఎవరికిని అన్నము పెట్టనిదియు, ఎవరి రోగమును కుదర్పనిదియు, ఎక్కడ చూచినను కనబడునదియు నైన ఒక చిన్న ప్రాణిని ఒక ఋతువంతయు శ్రద్ధగా గమనించుట మంచి పనియా, లేక కాలమును వ్యర్థపరచుటయా? ఈ ప్రశ్న మమ్మును అడిగినవారు కొందరున్నారు. వారిని మేము తప్పు పట్టము. ఊరిలో మంచము పట్టినవారున్నారు. ఫీజు కట్టలేక చదువు మానిన పిల్లలున్నారు. వారము వారము పోయి పలుకరింపవలసిన ఇండ్లున్నవి. ఇవి యన్నియు ఉండగా తెల్లవారుజామున కెమెరా పట్టుకొని గడ్డిలో కూర్చుండువారు లెక్క చెప్పవలసినదే. ఈ నెల ఆ లెక్క చెప్పుటకు పూనుకొనుచున్నాము.

మేమనగా సండేస్కూలులో పాఠములు చెప్పు ముగ్గురము. మాకున్నవి ఒక పాత కెమెరా, ఒక సెల్‌ఫోను, ఒక నోటుపుస్తకము. మేము చూచిన తావు మా సంఘపు సమాధుల తోటయు, దాని గోడకును చెరువు కట్టకును నడుమనున్న గడ్డినేలయు. జూలై నెలలో మొదలుపెట్టి జనవరి వరకు, వారమునకు రెండు మూడు ఉదయములు అక్కడికి పోవుచుంటిమి.

ఎరిగినదానిని ఎరుగకుండుట

మేము చూచినది పసుపుపచ్చని చిన్న సీతాకోకచిలుక. చదువరులందరును దానిని చూచియే యుందురు. చూచితిమని గుర్తున్నవారు కొద్దిమంది. రెక్కలు చాచినప్పుడు ఈ కొననుండి ఆ కొనకు నాలుగైదు సెంటీమీటర్లు. మోకాలి యెత్తు దాటకుండ గడ్డిమీదుగా, ఏదో పని మరచి మరల జ్ఞాపకము తెచ్చుకొన్నదానివలె అటునిటు తిరుగుచుండును. ఇంగ్లీషువారు దీనిని కామన్ గ్రాస్ ఎల్లో అందురు. ఆఫ్రికా మొదలుకొని మన దేశము మీదుగా ఆస్ట్రేలియా వరకు ఇది కలదు. స్వీడను దేశములో ఒక లూథరన్ పాదిరిగారి కుమారుడైన లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు 1758లో దీనికి శాస్త్రనామము పెట్టుచు, గ్రీకుల కథలలోని ట్రాయ్ పట్టణపు రాణియగు హెకబే పేరును ఇచ్చెను. రాణి పేరు మోయుచున్నను ఇది మన పెరటిలోని తంగేడు చుట్టును, రోడ్డు ప్రక్క తంటెపు మొక్కల చుట్టును తిరుగునదే.

పరిశుద్ధ గ్రంథములో సీతాకోకచిలుక పేరు లేదు. బట్టలను కొట్టు చిమ్మెట ఉన్నది. యోవేలు గ్రంథములో పంటను తినివేయు గొంగళిపురుగు ఉన్నది. ఆ పురుగుకు రెక్కలు వచ్చిన పిమ్మట దానిని గూర్చి లేఖనము మౌనముగా ఉన్నది. కాబట్టి దీనిని చూడవలెనను ఆజ్ఞ ఎక్కడనో ఉన్నదని చెప్పుటకు మాకు వీలు లేదు, చెప్పము కూడ.

అయినను ఒక మాటను జ్ఞాపకము చేయుదుము. కొండమీది ప్రసంగములో ప్రభువు అడవిపువ్వుల తట్టు చూపి, అవి యెట్లు ఎదుగుచున్నవో తలపోయుమని శిష్యులతో చెప్పెను. మత్తయి అక్కడ వాడిన గ్రీకు మాట కటమంథానో. ఊరక కన్ను వేసి పోవుట దాని భావము కాదు. పాఠము నేర్చుకొన్నట్లు బాగుగా, తుదివరకు తెలిసికొనుట అని దాని భావము. క్రొత్త నిబంధన మొత్తములో ఈ మాట ఆ యొక్క చోటనే వచ్చుచున్నది. ప్రభువు అక్కడ వృక్షశాస్త్రము బోధింపలేదు. రేపటిని గూర్చిన చింతనుండి శిష్యులను విడిపింపగోరెను. కాని ఆ విడుదలకు మార్గముగా ఆయన వారి చేతికిచ్చినది, ఎవరును నాటనిదియు ఎవరును వెల కట్టనిదియు నైన పొలములోని పువ్వు. దానిని నేర్చుకొనుడనెను. పువ్వు విషయములో అది తగిన పని యైతే, ఆ పువ్వుమీద వ్రాలు రెక్కల విషయములో తగని పని యెట్లగును?

కెమెరా నేర్పిన పాఠము

ఈ సీతాకోకచిలుకను ఫొటో తీయబోయినవారికి మొదట దొరకునది నిరాశ. ఎండ కాసిన తరువాత అది నిలువదు. గడ్డిచామంతి పువ్వుమీద ఒక్క నిమిషము వ్రాలును. మనము ఊపిరి బిగపట్టి దగ్గరకు పోవునంతలో లేచిపోవును. వెంటబడిన కొలది అది దూరమగును. మొదటి రెండు వారములలో మేము తీసిన ఫొటోలలో గడ్డియే ఎక్కువ.

పిమ్మట తెలిసికొంటిమి. ప్రొద్దు పొడువకముందు, మంచు ఇంకను ఆకులమీద ఉండగా, అవి ఆకుల అడుగుభాగమును పట్టుకొని వ్రేలాడుచుండును. వాటి ఒంటికి ఎగురుటకు తగిన వేడి సూర్యునినుండి రావలెను. ఆ గడియలో మనము మెల్లగా పోయి నేలమీద కూర్చుండిన, మన నీడ దానిమీద పడనీయకుండిన, అరగంటసేపు చూడవచ్చును. మనము వెదకిన వేళలో దొరకనిది, అది ఉన్న వేళకు మనము పోయినప్పుడు దొరకినది.

రెండవ పాఠము ఇంకను చిత్రమైనది. ఈ జాతి వ్రాలినప్పుడు రెక్కలు మూసియే ఉంచును. రెక్కల పైభాగమున, అంచు వెంబడి, నల్లని చక్కని పట్టీ యున్నది. ఎగురునప్పుడు అది మెరుపువలె కనబడి మాయమగును, కూర్చున్నప్పుడు కనబడదు. వెనుకనుండి ఎండ పడినప్పుడు మాత్రము నీడవలె బయటికి తెలియును. అంతేకాదు. మగ సీతాకోకచిలుక రెక్కల పైభాగమునుండి అతినీలలోహిత కాంతి మెరయుననియు, ఆడది మగవానిని ఎంచుకొనుటలో ఆ మెరుపునకు పాత్ర ఉన్నదనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ కాంతి మన కన్నులకు తెలియదు. మన సెల్‌ఫోనులును దానిని పట్టవు. అనగా ఎంత మంచి ఫొటో తీసినను, ఆ ప్రాణికి తన జతలో అన్నిటికంటె ముఖ్యముగా తోచునది మన ఫొటోలో ఉండదు.

ఇది మా మనస్సులో నాటుకొన్నది. ఒకరి ఫొటో మన దగ్గర ఉన్నంతమాత్రమున వారిని ఎరిగితిమని అనుకొనరాదు. సంఘములో ఎందరిని మనము మూసిన రెక్కలతోనే ఎరిగియున్నాము! ప్రతి ఆదివారము ఒకే బల్లమీద, ఒకే చీరలో కూర్చుండు ఆమెను గూర్చి మనకు తెలిసినది ఆ చీర రంగు మాత్రమే కావచ్చును.

ఒకే ప్రాణి, రెండు వస్త్రములు

ఆగస్టులో గుడ్లను చూచితిమి. తల్లి తంటెపు ఆకుమీద వ్రాలి, పొట్టను వంచి, ఒక్కొక్క గుడ్డు చొప్పున పెట్టి పోవుచుండెను. బియ్యపు నూకకంటె చిన్నది, తెల్లనిది, రెండు కొనలును సన్ననిది. మూడు నాలుగు దినములకు పురుగు వెలువడును. దానిని గొంగళి యనుటకు మనసొప్పదు, ఏలయనగా దానికి దురద పుట్టించు రోమములు లేవు. ఆకువంటి పచ్చని రంగు, ప్రక్కన తెల్లని గీత. ఆకు నడిమి ఈనెమీద పొడవుగా పండుకొనియున్నప్పుడు చూపుడు వ్రేలు దానిమీద పెట్టి చూపించినను పిల్లలు కనిపెట్టలేకపోయిరి. రెండు వారములు తిని, చర్మము పలుమారులు విడిచి, పిదప కాడకు తన్ను తాను ఒక పట్టుదారముతో నడుముకు కట్టుకొని ప్యూపాగా మారును. సుమారు వారము దినములకు, ఒక ఉదయమున, ఆ పచ్చని పొర లోపలనుండి పసుపురంగు తెలియును. కొన్ని గంటలలో రెక్కలు బయటికి వచ్చును. గుడ్డునుండి రెక్కలవరకు అంతయు ఒక నెల లోపలనే. కనుక ఒక ఋతువులో అనేక తరములు గడచును. జూలైలో మేము చూచినవి నవంబరులో లేవు. వాటి మనుమల మనుమలను చూచుచుంటిమి.

వర్షములు వెనుకబట్టి చలి మొదలైన తరువాత మాకొక సందేహము కలిగెను. తోటలో కొత్త రకము ఏదో వచ్చినదనుకొంటిమి. రెక్కల అడుగుభాగము వానకాలములో శుభ్రమైన పసుపుగా ఉండి సన్నని చుక్కలు మాత్రమే కలిగియుండగా, ఇప్పుడు కనబడుచున్న వాటికి ముందురెక్క కొనయందు ఎండుటాకు రంగుగల మరక యుండెను. పైన నల్లని పట్టీయు సన్నగిల్లెను. ఆగస్టు ఫొటోను జనవరి ఫొటోను ప్రక్కప్రక్కన ఉంచి చూపితే రెండు వేరు జాతులని ఎవరైనను ప్రమాణము చేయుదురు. కాని అవి రెండును ఒకటే. వానకాలపు వస్త్రము ఒకటి, పొడికాలపు వస్త్రము ఒకటి. ఎండిన గడ్డిలో మరక గలదే పక్షి కన్నును తప్పించుకొనును. ఈ జాతికి వెనుకటి పండితులు ఒకటికి మించి పేర్లు పెట్టుటకు ఇట్టి భేదములే కారణము.

ఇంతకును ఆ వస్త్రమును నిర్ణయించునది ఏది? అది పురుగుగా ఆకు తినుచున్న దినములలో పగటి నిడివి ఎంత, చలి ఎంత అనునవి. రెక్కలు విప్పిన తరువాత తన రంగును మార్చుకొనుట దాని వశము కాదు. అది చిన్నతనములో ఏ కాలమును అనుభవించెనో దాని గురుతు రెక్కమీద ఉండును.

మనుష్యుడు సీతాకోకచిలుక కాడు. అతనికి మనస్సాక్షి యున్నది, మారుమనస్సు పొందు అవకాశమున్నది. తన క్రియలకు తాను ఉత్తరవాది. అయినను ఒకని మాట గరుకుగా ఉన్నదని, ఒకని ముఖము మురిసిపోదని తీర్పు తీర్చుటకు ముందు, అతడు ఏ కాలములో పెరిగెనో అడుగుట న్యాయము కదా! ఒక్క దినపు చూపు రెండు జాతులని చెప్పును. ఋతువంతయు నిలిచిన చూపు ఒక్కటే యని చెప్పును. అన్యాయపు తీర్పులలో అనేకము చెడుతనమువలన గాక తొందరవలన కలుగుచున్నవి.

చూపు పిడికిలి యైనప్పుడు

ఇంగ్లండు దేశములో జాన్ రే అను దైవజనుడుండెను (1627–1705). మనస్సాక్షికి విరుద్ధమైన ఒప్పుదలకు లోబడలేక 1662లో కేంబ్రిడ్జిలోని తన ఉద్యోగమును విడిచిపెట్టినవాడు. సృష్టిలో కనబడు దేవుని జ్ఞానమును గూర్చి 1691లో ఒక గ్రంథము ప్రకటించెను. వృద్ధాప్యములో వ్యాధితో బాధపడుచు కూడ, తన కుమార్తెలు తెచ్చియిచ్చిన పురుగులను పెంచి వాటి మార్పులను వ్రాసికొనెను. ఆ పుస్తకము ఆయన మరణానంతరము 1710లో వెలువడినది. అదే కాలములో ఎలినార్ గ్లాన్‌విల్ అను స్త్రీ సీతాకోకచిలుకలను సేకరించుచుండెను. ఆమె 1709లో చనిపోగా బంధువులు ఆమె వీలునామాను కోర్టులో ఎదిరించిరి. ఆమెకు మతి స్థిరముగా లేదనుటకు సీతాకోకచిలుకల వెంట తిరుగుటయే ఒక సాక్ష్యమని చెప్పిరి. నేడు ఒక సీతాకోకచిలుక ఆమె పేరుతో పిలువబడుచున్నది. మమ్మును ప్రశ్నించినవారు ఆ బంధువులకంటె మిక్కిలి దయగలవారు.

మన దేశములో సతారాలో 1851లో ఒక మిషనరీ ఇంట పుట్టిన ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్‌కెన్, ఉప్పు సుంకముల శాఖలో ఉద్యోగము చేయుచు, 1883లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించినవారిలో ఒకడాయెను. ఆయనయు ఆయన స్నేహితులును ఉత్తర కన్నడ జిల్లాలో సీతాకోకచిలుకల పురుగులను వెదకి, ఏ పురుగు ఏ ఆకు తినునో, దేనినుండి ఏది వచ్చునో పెంచి చూచి వ్రాసిరి. చంపి సూది గ్రుచ్చి పెట్టెలో ఉంచుట ఆ కాలములో ఎల్లరు చేసిన పని. నేడు మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగము అట్లు సేకరించినవారి కష్టమువలననే తెలిసినది. వారిని నిందించుట కృతఘ్నత. అయినను పెట్టెలోనిది రెక్క నెంత బాగుగా చూపినను, ఆ ప్రాణి బ్రదుకును చూపలేదు. పురుగును దాని ఆకుమీద చూచినవారికే ఆ బ్రదుకు తెలిసినది.

ఇప్పుడు సూదికి బదులు కెమెరా వచ్చినది, మంచిదే. కాని కెమెరా పట్టినవాని చేయి ఎల్లప్పుడును శుభ్రమని చెప్పలేము. కదలకుండుటకై సీతాకోకచిలుకను ఫ్రిజ్‌లో ఉంచి, మొద్దుబారినదానిని పువ్వుమీద పెట్టి ఫొటో తీయువారున్నారు. రెక్కలను వ్రేళ్లతో పట్టి విప్పువారున్నారు. రెక్కమీది పొడి యని మనమనుకొనునది నిజమునకు సన్నని పొలుసుల వరుసలు; ఒకసారి రాలినవి మరల మొలువవు. ఇట్లు తీసిన ఫొటోను చూచినవారు ఆహా యందురు. క్రింద ఏమని వ్రాయబడియుండును? గడ్డిలో ఉదయమున విశ్రమించుచున్నదని వ్రాయబడియుండును. అది విశ్రమించుట లేదు, చలికి కొయ్యబారినది.

ఇక్కడ ప్రశ్న పురుగుమీద జాలిని దాటి సత్యము దగ్గరకు వచ్చుచున్నది. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మనము కోర్టునకు, వీధి తగవులకు మాత్రమే వర్తింపజేయుదుము. ఫొటో కూడ సాక్ష్యమే. ఇది ఇట్లుండెను, మేము చూచితిమి అని అది చెప్పుచున్నది. మూగప్రాణిని గూర్చి అబద్ధము చెప్పిన అడ్డు చెప్పువారు లేరు. కావుననే అక్కడ మన సత్యసంధత బాగుగా పరీక్షకు వచ్చును. పెండ్లి ఫొటోలోను, సేవాకార్యముల నివేదికలోను, దుప్పటి పుచ్చుకొనుచున్న బీదవాని ముఖమును కెమెరావైపు త్రిప్పించునప్పుడును ఇదే పరీక్ష. చూచువాడు ఉన్నదానిని ఉన్నట్లు ఉండనిచ్చును. పట్టుకొనువాడు తనకు కావలసినట్లు దానిని నిలువబెట్టును.

సాలీడును, సమరయుడును

సెప్టెంబరులో ఒక ఉదయమున గడ్డిచామంతి పువ్వుమీద ఒక సీతాకోకచిలుక ఎంతసేపటికిని కదలకుండుట చూచి సంతోషించితిమి. దగ్గరకు పోయి చూడగా దాని తల క్రింద పువ్వు రంగులోనే యున్న చిన్న సాలీడు దానిని పట్టియుండెను. ఆ సాలీడు గూడు అల్లదు. పువ్వులో పొంచియుండి పట్టును. మాతోకూడ వచ్చిన పిల్లవాడు పుల్లతో దానిని విడిపింపబోయెను. మేము వద్దంటిమి. సాలీడు కూడ ఆకలిగొన్నదే. కొదమసింహములకు ఆహారమిచ్చువాడు దేవుడని కీర్తనకారుడు ఎరిగియుండెను. సాలీడును ఆ పంక్తిలోనే కూర్చుండనీయుదము అంటిమి.

పిల్లవాడు ఒప్పుకొనక, "మరి మనిషి పడిపోతే కూడా ఇట్లాగే చూస్తూ నిలబడతారాండీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసియున్నది. దెబ్బలు తిని త్రోవలో పడియున్న మనుష్యుని ఉపమానములో లూకా ఒక మాటను మూడు పర్యాయములు వాడెను. యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. ముగ్గురికిని కన్నులున్నవి. ఇద్దరు చూచి ప్రక్కగా పోయిరి. మూడవవాడు చూచి కనికరపడెను. కాబట్టి చూచుట దానంతటది పుణ్యము కాదు. సాలీడు ఎదుట చేతులు ముడుచుకొనుట వినయము. గాయపడిన మనుష్యుని యెదుట చేతులు ముడుచుకొనుట పాపము. ప్రమాదము జరిగిన చోట గాయపడినవానిని ఎత్తక సెల్‌ఫోను ఎత్తువారిని నేడు మనము చూచుచున్నాము. అది మూడవ విధమైన చూపు. యాజకుని చూపుకంటె నీచమైనది, ఏలయనగా యాజకుడు కనీసము ఆ గాయములను ఇంటికి తీసికొనిపోయి పదిమందికి చూపింపలేదు.

అయినను ఇంకొక సంగతి ఉన్నది. సమరయుడు చూడకయే కనికరపడలేదు, ముందు చూచెను. చూపు లేని కనికరము, అడుగని గాయమునకు కట్టు కట్టును. జ్వరముతో ఉన్నవానికి అరటిపండ్లు, అప్పులో ఉన్నవానికి హితోపదేశము ఇచ్చి వచ్చునది ఈ కనికరమే.

సమాధుల తోటలోని గడ్డి

నవంబరు 2వ తేదీన మా సంఘము సమాధుల దినమును ఆచరించును. అంతకు ముందు వారములో తోటలోని గడ్డియంతయు కోసి, కుప్పవేసి, కాల్చుట అలవాటు. తంటెపు మొక్కలు అప్పటికి కాయలతో ఉండును. వాటి కాడలకు ప్యూపాలును, చివరి లేత ఆకులమీద పురుగులును ఉండును. ఈ సంగతి మేము సంఘపెద్దలతో చెప్పి, గడ్డిని కొన్నాళ్లు ఉంచరాదా యని అడిగితిమి.

ఒక వృద్ధురాలు ఒప్పుకొనలేదు. "బాబూ, మా ఆయన సమాధి పైన మోకాలెత్తు గడ్డి ఉంటే నేను కొవ్వొత్తి ఎక్కడ పెట్టేది? ఏడాదికి ఒక్కనాడు ఆయన దగ్గరకు వస్తాను. పురుగు కోసం ఆ ఒక్కనాడు కూడా పోగొట్టుకోమంటారా?" అనిరి. ఆమె మాటలో తప్పు లేదు. చనిపోయినవారియెడల చూపు గౌరవమును చిన్నదిగా ఎంచి, సృష్టిమీది ప్రేమను దానిపైన నిలువబెట్టుట మాకు చేతకాలేదు. అదే సమయమున, నిప్పు పెట్టుట కూడ గౌరవములో భాగమేనని మాకు తోచలేదు.

మోషే ధర్మశాస్త్రములో ఇట్టి సంగతులకు ఒక త్రోవ ఉన్నది. చెట్టుమీద గూడు కనబడినప్పుడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పును. ఏడవ యేట భూమిని బీడు విడిచి, దానిలో పండినది బీదలకును, వారు తినగా మిగిలినది అడవిమృగములకును ఉంచవలెనని నిర్గమకాండము చెప్పును. ఈ ఆజ్ఞలలో మనుష్యుని అవసరము కొట్టివేయబడలేదు. దానికి ఒక గట్టు వేయబడినది. తీసికొనుము, కాని అంతయు తీసికొనకుము అనునదే ఆ గట్టు.

పెద్దలు చివరకు నిర్ణయించినది ఇది. సమాధులచుట్టును, దారులలోను గడ్డి కోయవలెను. తూర్పు గోడవెంబడి నాలుగు మూరల వెడల్పున క్రిస్మసువరకు ముట్టరాదు. కోసినదానిని కాల్చక మూలన కుప్పవేయవలెను. కోత దినమున మేము ప్యూపాలున్న కాడలను తెంపి గోడవెంట గ్రుచ్చితిమి. కొన్ని విచ్చుకొని ఎగిరిపోయినవి; కొన్ని ఎండిపోయినవి; కోతలో మా కన్నుకు తప్పినవి ఎన్నో. వృద్ధురాలు తన భర్త సమాధిమీద కొవ్వొత్తి వెలిగించిరి. గోడవెంట మిగిలిన గడ్డిని చూచి, "అది మాత్రం ఏం బాగుంది?" అనిరి. ఆమెను మేము ఒప్పింపలేదు. ఈ సంవత్సరము మరల అడుగవలసియుండును.

ఇదంతయు చిన్న విషయమని చదువరులు అనవచ్చును. నాలుగు మూరల గడ్డి నిజముగా చిన్న విషయమే. ఆ జాతి మన గోడవెంట లేకపోయినంతమాత్రమున భూమిమీద లేకపోదు, అది సాధారణమైనది. కాని సాధారణమైనదానియెడల మనము ఎట్లుందుమో, అరుదైనదానియెడల మనము చూపు ఆదరము ఎంతవరకు నిజమో దానినిబట్టి తెలియును. అరుదైన పక్షి వచ్చినదన్న వందమంది పోవుదురు. అక్కడ చూపును లాగునది కొంత పక్షి, కొంత మన గొప్ప. పసుపు సీతాకోకచిలుకను చూచితినని ఎవడును అతిశయింపలేడు. అక్కడ చూపు తప్ప వేరొక లాభము లేదు.

లెక్క

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు. శ్రద్ధగా చూచుట తనంతట తానే ఎవనిని ప్రేమగలవానిగా చేయదు. పురుగు కొరకు తెల్లవారుజామున లేచి, ఇంటిలో తల్లి దగ్గు వినని మనుష్యుడు ఉండవచ్చును. అట్టివాడు పెద్దల ప్రశ్నకు సిగ్గుపడవలసినదే. రోగిని చూడబోవు గంటను తీసి గడ్డిలో గడపరాదు. మేమును ఆ కట్టుబాటు పెట్టుకొంటిమి. ఆదివారమును, పరామర్శల సాయంత్రములను ముట్టలేదు. పోగొట్టుకొన్నది కొంత నిద్రయు, కొంత కబుర్ల కాలమును.

అయితే ప్రేమకు చూపు కావలెను. ఆ చూపు అలవాటు లేక రాదు. మనకు ఏమియు ఇవ్వనిదానిని, మన మెప్పు కోరనిదానిని, మన వశములో లేనిదానిని, దాని వేళకు పోయి, దాని నేలమీద కూర్చుండి, ముట్టక, తొందరపడక, ఉన్నది ఉన్నట్లు చూచుట ఆ అలవాటునకు మంచి బడి. అక్కడ నేర్చినది ఇంటిలోను, వార్డులోను, బీదవాని గుమ్మములోను ఉపయోగపడవలెను. ఉపయోగపడకపోయిన ఆ లోపము మనది.

ఈ తొలకరికి చదువరులు ఒక చిన్న పని చేయవచ్చును. మీ యింటికి దగ్గరనున్న తంగేడునో, కసివిందనో, తంటెపు మొక్కనో ఒకదానిని ఎంచుకొనుడి. పది దినములు, దినమునకు పది నిమిషములు, ఉదయమున ఎండ ముదరకముందు చూడుడి. ముట్టకుడి. చూచినది చూచినట్లు తేదీతో వ్రాసికొనుడి, చూడనిదానిని వ్రాయకుడి. పిల్లలను వెంటబెట్టుకొనిపోవుడి, ఏలయనగా వారి కన్నులు నేలకు దగ్గర. పదకొండవ దినమున, మీ వీధిలో మీరు రోజును చూచుచు ఎన్నడును చూడని ఒక మనుష్యుని ఇంటికి పోయి, ఏమియు బోధింపక కొంతసేపు కూర్చుండి రండి. ఆ రెండు పనులకును నడుమ ఏమి సంబంధమున్నదో మీరే మాకు తెలియజేయుదురు గాక.